పుల్ రిక్వెస్ట్ పంపే ముందు: డాక్యుమెంటేషన్ ఎక్కడ పెట్టాలి?

నలుగురూ తమ ప్రోగ్రాముల్లో వాడుకునే లైబ్రరీకి పుల్ రిక్వెస్ట్ (‘నా కోడ్‌ని కలుపుకోండి’ అనే అభ్యర్థన) పంపేటప్పుడు టెన్షనంతా టెస్టుల మీదే ఉంటుంది. డాక్యుమెంటేషన్ అసలు రాయకపోతే రివ్యూలో ఎవరో ఒకరు అడుగుతారు. రాసి తప్పు చోట పెడితే మాత్రం ఎవరి కంటా పడకుండా మెర్జ్ అయిపోతుంది, అంటే అసలు కోడ్‌లో కలిసిపోతుంది.

ముందు ఆ ప్రాజెక్టుకి మార్పులు ఎలా పంపాలో చెప్పే కాంట్రిబ్యూటింగ్ ఫైల్ చదవండి. అది పాతబడి ఉండొచ్చు కాబట్టి, ఈమధ్య మెర్జ్ అయిన రెండు మూడు పుల్ రిక్వెస్టులు కూడా తెరిచి, కొత్త ఫంక్షన్‌తో పాటు ఏయే ఫైళ్లు మారాయో చూడండి. నేనైతే దీన్నే ఎక్కువ నమ్ముతాను.

ఫంక్షన్ ఏం తీసుకుంటుంది, ఏం తిరిగిస్తుంది, ఎప్పుడు ఎర్రర్ ఇస్తుంది అన్నవి ఆ ఫంక్షన్ దగ్గరే ఉండాలి. ఇక్కడ ఒక్క లైను అటూ ఇటూ అయినా చిక్కే. పైథాన్‌లో డాక్‌స్ట్రింగ్ (ఫంక్షన్ గురించి రాసే వివరణ) ఫంక్షన్ లోపల మొట్టమొదట రావాలి. దానికి ముందు ఒక్క కోడ్ లైను ఉన్నా అది ఉత్త స్ట్రింగే. గో భాషలో కామెంట్‌కీ ఫంక్షన్‌కీ మధ్య ఖాళీ లైను వదిలితే సంబంధం తెగిపోతుంది. జావాలో నక్షత్రాలతో రాసే డాక్ కామెంట్ మొదట్లో స్లాష్ తర్వాత రెండు నక్షత్రాలుండాలి, ఒకటే ఉంటే కామెంట్ల నుంచి డాక్స్ పేజీలు తయారుచేసే జావాడాక్ పట్టించుకోదు. విచిత్రమేమిటంటే వీటిలో దేనికీ కంపైలర్ కిక్కురుమనదు.

ఫలానా అల్గారిథమ్ ఎందుకు ఎంచుకున్నారో లైబ్రరీ వాడేవాళ్లకు అక్కర్లేదు. దాన్ని కోడ్ మధ్యలో మామూలు కామెంట్‌గా రాయండి.

స్ఫింక్స్, డాక్సిజన్ లాంటి డాక్యుమెంటేషన్ టూల్స్ తయారుచేసిన హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీలను చేత్తో దిద్దకండి. నేనొకసారి పూటంతా కూర్చుని దిద్దాను. తర్వాతి బిల్డ్‌లో పేజీలు మళ్లీ తయారయ్యేసరికి ఒక్క అక్షరం మిగల్లేదు. దిద్దాల్సిన వాక్యం ఏ సోర్స్ ఫైల్లోంచి వస్తోందో వెతికి అక్కడ మార్చాలి.

గిట్‌హబ్ వికీ సులువుగా అనిపిస్తుంది గానీ, అది వేరే రిపోజిటరీ (ఫైళ్లు, వాటి మార్పుల చరిత్ర ఉండే చోటు). మీ పుల్ రిక్వెస్ట్‌తో కలిసి రివ్యూకి రాదు. కోడ్ పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లినా వికీ దానితో వెళ్లదు.

ప్రాజెక్టుని పరిచయం చేసే రీడ్‌మీ ఫైల్లో ప్రతి ఆప్షనూ కుక్కకండి. ఉదాహరణలు డాక్ కామెంట్లలో పెడితే ఒక లాభం: పైథాన్‌లో డాక్‌టెస్ట్, రస్ట్‌లో కార్గో టెస్ట్ వాటిని నడిపి చూస్తాయి. ఉదాహరణ చెడిపోతే మీకే ముందు తెలుస్తుంది.

ఛేంజ్‌లాగ్ (ఏ వెర్షన్‌లో ఏం మారిందో రాసే జాబితా) విషయం అడిగి చేయండి. కొన్ని ప్రాజెక్టుల్లో అందరూ ఒకే ఫైల్లో రాస్తే మెర్జ్ గొడవలొస్తాయని ఒక్కో మార్పుకి ఒక్కో చిన్న ఫైల్ పెట్టిస్తారు. చివరగా డాక్స్‌ని మీ మెషీన్‌లోనే బిల్డ్ చేసి, మీరు రాసింది పేజీలో కనిపిస్తోందో లేదో చూశాకే పంపండి.