చింక్వె తెర్రెకి ఇంటిల్లిపాదితో వెళ్తున్నారా? నడిచే దారి ముందు ఎంచుకోండి

నేను ఇటలీలోని జెనోవాలో ఉంటానని తెలిసిన చుట్టాలందరూ అడిగేది ఒకటే: "చింక్వె తెర్రె ఒక్క రోజులో అయిపోతుందా?" ఫొటోలకైతే అయిపోతుంది. మొంటెరొస్సొ, వెర్నాత్సా, కొర్నీలియా, మనరోలా, రియోమజ్జోరే, సముద్రం ఒడ్డునున్న ఈ ఐదు ఊళ్ళనీ కలిపే చింక్వె తెర్రె అంటారు, వీటిని కలుపుతూ రైలుంది. ఒక ఊళ్ళో ఎక్కితే నాలుగైదు నిమిషాల్లో ఇంకో ఊరు. కానీ 1999లో దీన్ని జాతీయ ఉద్యానవనం చేసింది రంగురంగుల ఇళ్ళ కోసమే కాదు. ఇక్కడి రైతులు కొండని మెట్లుమెట్లుగా చదును చేసి, సున్నమూ సిమెంటూ లేకుండా రాయి మీద రాయి పేర్చి గోడలు కట్టి, ఆ మడుల్లో ద్రాక్ష పండించారు. అది రైల్లోంచి కనపడదు, దారంతా దాదాపు సొరంగాలే. అందుకని నా సలహా: ఒక కాలిబాట, దానికి అటూ ఇటూ ఉన్న రెండు ఊళ్ళు. మిగతావి ఓపికని బట్టి.

బస ఈ ఐదు ఊళ్ళలో కాకుండా, వాటికి అటూ ఇటూ ఉన్న లా స్పెత్సియాలోనో లేవంతోలోనో చూసుకోండి. అద్దెలు తక్కువ, పైగా పెద్ద పెట్టెలు మోస్తూ మెట్లెక్కే బాధ ఉండదు. ఈ రెండింటి మధ్యే చింక్వె తెర్రె ఎక్స్‌ప్రెస్ రైలు తిరుగుతుంది. పార్కువాళ్ళు అమ్మే కార్డులు రెండు రకాలు. ఒకటి డబ్బు కట్టి నడవాల్సిన బాటలకీ పార్కు బస్సులకీ. రెండోదాంట్లో వీటితోపాటు ఈ రైళ్ళు కూడా ఎన్నిసార్లయినా ఎక్కొచ్చు. సీజన్లో చిన్న ప్రయాణానికీ టికెట్ ఘాటుగానే ఉంటుంది కాబట్టి, మూడుసార్లు రైలెక్కేట్టయితే రెండోదే తీసుకోండి. కాగితం టికెట్ కొంటే ఎక్కే ముందు ప్లాట్‌ఫాం మీది మెషిన్‌లో ముద్ర కొట్టించుకోవడం మరవకండి. టికెట్ చేతిలో ఉన్నా జరిమానా వేస్తారు.

ఇక బాటలు. అందరూ చెప్పే నీలి బాట సముద్రం వెంబడి వెళ్తుంది. దానికే కార్డు కావాలి, పై కొండల్లోని దారులు చాలావరకు ఉచితం. మొంటెరొస్సొ నుంచి వెర్నాత్సాకి మూడున్నర కిలోమీటర్లు, రెండు గంటలు పడుతుంది. మొదట్లో నిట్టనిలువు మెట్లు, కొన్నిచోట్ల ఎదురొచ్చేవాళ్ళకి గోడకి ఒదిగి దారివ్వాల్సినంత ఇరుకు. రద్దీ రోజుల్లో కొన్ని గంటలు ఈ వైపు నుంచే వదులుతారు, కాబట్టి మొంటెరొస్సొలోనే మొదలుపెట్టండి. ముప్ఫై ఏళ్ళ వాళ్ళకి బ్రహ్మాండమైన దారి. మోకాళ్ళు అరిగిన నాన్నగారికి కాదు.

పెద్దవాళ్ళకి నేను చూపించేది వేరే దారి. మనరోలా నుంచి పార్కు బస్సులో కొండ పైనున్న వొలాస్త్రా అనే ఊరికి వెళ్ళిపోండి, ఎక్కుడంతా బస్సే ఎక్కుతుంది. అక్కణ్ణుంచి ద్రాక్షతోటల మధ్య చాలాదూరం దాదాపు సమతలంగా నడిచి, చివర్లో కొర్నీలియాకి దిగాలి. ఒక పక్క గోడ, ఇంకో పక్క తీగల కింద నీలంగా సముద్రం. కోసిన పళ్ళు దింపడానికి వేసిన ఒంటి పట్టాలు అక్కడక్కడా కనిపిస్తాయి. పాలకొండ దగ్గర వ్యవసాయం చేసే మా పిన్ని ఈ దారిలో సముద్రం వంక చూసింది తక్కువ. గోడ రాళ్ళ సందుల్లో వేళ్ళు పెట్టి చూసి, "మట్టి కూడా పెట్టలేదే, నీళ్ళు పోవడానికి దారి వదిలారు" అంది. వానకి గోడ ఉబ్బి కూలకుండా ఉండటానికి కారణం అదే.

ఎక్కువ నడవలేని వాళ్ళుంటే రియోమజ్జోరే నుంచి మనరోలాకి వియా దెల్లామోరే అనే బాట ఉంది. కిలోమీటరు లోపే, చదునైన దారి. 2012లో రాళ్ళు విరిగిపడి మూసేసి, 2024లో మళ్ళీ తెరిచారు. దీనికి వేరే టికెట్, టైము ముందే బుక్ చేసుకోవాలి. కొర్నీలియాకి రైల్లో వెళ్తే ఒక మాట: స్టేషన్ కింద, ఊరు కొండ మీద. మధ్యలో దాదాపు 380 మెట్లు. పార్కు బస్సు కోసం ఆగండి, పరువు పోదు.

చెప్పులతో బాట ఎక్కనివ్వరు. హవాయి చెప్పులు, తెరిచి ఉన్న చదును చెప్పులు వేసుకుంటే 50 యూరోల నుంచి జరిమానా. అమ్మ చీరే కట్టుకోనివ్వండి, కాళ్ళకి మాత్రం పట్టున్న బూట్లు వేయించండి. మే, సెప్టెంబరు మంచి నెలలు. జూలై, ఆగస్టుల్లో నీడ లేని బాట మీద మన రోహిణి కార్తె గుర్తొస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో వాన హెచ్చరిక వస్తే బాటలు మూసేస్తారు. 2011 అక్టోబరు 25న ఒక్క మధ్యాహ్నపు వానకి వెర్నాత్సా వీధులు బురదలో కూరుకుపోయాయి, మనుషులు పోయారు. గొలుసు కట్టి ఉంటే దాటొద్దు.

తిండికి శాకాహారులకి ఇబ్బంది లేదు. ఫరినాతా అడగండి, శెనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. రాగి పళ్ళెంలో పోసి పొయ్యిలో కాలుస్తారు, మన మినపరొట్టెలా అంచు కరకరలాడుతూ మధ్యలో మెత్తగా ఉంటుంది. పైన మిరియాలు చల్లించుకోండి. ఉల్లిపాయ ఫొకాచ్చా అనే రొట్టె కూడా బాగుంటుంది. పెస్తో అనే ఆకుపచ్చ పచ్చడిలో చీజ్ ఉంటుంది, ఆ చీజ్‌ని దూడ కడుపులోంచి తీసిన పదార్థంతో విరగ్గొడతారు కాబట్టి నిష్ఠగా ఉండేవాళ్ళు వదిలేయండి. మొంటెరొస్సొలో పిజ్జా చెప్పేటప్పుడు "అచ్చూగే వద్దు" అనండి, లేకపోతే పైన చిన్న చేపలు పరుస్తారు. నేనైతే చింతపండు పులిహోర డబ్బాలో పెట్టుకుని వెళ్తాను, ఎండలోనూ సాయంత్రం దాకా ఆగుతుంది.

స్నానానికి మొంటెరొస్సొలోని ఫెజీనా ఇసుక తీరం ఒక్కటే సుఖం, మిగతా ఊళ్ళలో రాళ్ళ మీంచి దిగాలి. తిరుగు ప్రయాణం పడవలో పెట్టుకుంటే, ఇందాక నడిచిన మడులన్నీ కింది నుంచి కనపడతాయి. పడవ కొర్నీలియాలో ఆగదు, అక్కడ రేవు లేదు. అలలు లేస్తే అసలు తిప్పరు, కాబట్టి పొద్దున్నే రేవు దగ్గర బోర్డు చూసి, అప్పుడు టికెట్ కొనండి.