బొబ్బట్టు రుచితో వేడివేడి ఓట్స్

ఓట్స్‌ని మందులా మింగేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. నీళ్లలో ఉడకబెట్టి, కాసిని పాలు పోసుకుని ఎలాగోలా ముగించేస్తారు. మొలగొలుకుల అన్నం తిని పెరిగిన నెల్లూరు నోటికి అదెలా ఎక్కుతుంది? మా స్టోన్‌హౌస్‌పేట ఇంట్లో ఓట్స్ డబ్బా మళ్లీ మళ్లీ కొంటున్నామంటే, దాన్ని బొబ్బట్టు రుచిలో చేసుకోవడం వల్లే. శనగపప్పు, బెల్లం, యాలకులు, నెయ్యి: పూర్ణానికి కావలసినవే దీనికీ కావాలి. ఈ కొలత ఇద్దరికి కడుపు నిండా వస్తుంది.

పావు కప్పు పచ్చిశనగపప్పు రాత్రే నానేయండి. పొద్దున రెండు కప్పుల నీళ్లలో, కుక్కర్ కాకుండా మామూలు గిన్నెలోనే ఉడికించండి. కుక్కర్లో ఒక్క విజిల్ ఎక్కువైనా పప్పు ముద్దయిపోతుంది. పదిహేను, ఇరవై నిమిషాలకి ఒక బద్ద తీసి వేళ్ల మధ్య నొక్కి చూడండి. సులువుగా చితకాలి, గిన్నెలో మాత్రం బద్దలు విడివిడిగా కనపడాలి. వార్చిన కట్టు పారబోయకండి. బొబ్బట్ల రోజు దాంతో చారు పెట్టుకుంటాం కదా, ఇక్కడ ఓట్స్ ఉడికేది అందులోనే.

ఓట్స్ కొనేటప్పుడు రోల్డ్ ఓట్స్ అని ఉన్నది తీసుకోండి. రెండు నిమిషాల్లో ఉడికే ఇన్‌స్టంట్ రకం జిగురుజిగురుగా అవుతుంది. స్టీల్ కట్ రకం బాగుంటుంది కానీ అరగంట పడుతుంది, పిల్లల్ని బడికి పంపే హడావిడిలో కుదరదు.

అడుగు మందంగా ఉన్న గిన్నెలో చెంచా నెయ్యి వేసి, కప్పు ఓట్స్ సన్న సెగ మీద మూడు నాలుగు నిమిషాలు వేయించండి. రంగు పెద్దగా మారదు, ఉప్మారవ్వ వేగినట్టు కమ్మటి వాసన వస్తుంది. ఈ పని మానేయొద్దు, పచ్చివాసన పోయేది దీంతోనే. కట్టు ఎంత మిగిలితే అంతకు నీళ్లు కలిపి కప్పున్నర చేసి పోయండి. కప్పు పాలు, చిటికెడు ఉప్పు వేసి ఆరేడు నిమిషాలు కలుపుతూ ఉడికించండి. మాకు వచ్చేవి చిక్కటి బర్రెపాలు, అందుకని ఇంకో అరకప్పు నీళ్లు పోస్తాను. కాస్త జారుగా ఉండగానే దించేయాలి, ఆరేకొద్దీ గట్టిపడుతుంది. ఉడికిన పప్పు కలిపేయండి.

మా మామయ్యగారికి షుగర్. ఓట్స్‌లో వేశాం కదా అని బెల్లం చేసే పని మానదు. అందుకని బెల్లం కలపకముందే ఆయన వాటా తీసి, మిరియాలపొడి, వేయించిన వేరుశనగలు వేసి ఇస్తాను.

ఇక బెల్లం. అసలు జాగ్రత్త ఇక్కడే. పొయ్యి మీద మరుగుతున్న పాలలో బెల్లం వేస్తే విరిగిపోతాయి, పరమాన్నం చేసేవాళ్లందరికీ తెలిసిన సంగతే. పావు కప్పు బెల్లం తురుము విడిగా కొద్ది నీళ్లలో కరిగించి, ఇసుక పోయేలా వడకట్టుకోండి. ఓట్స్ దించాక ఓ ఐదు నిమిషాలు ఆగి, బెల్లంనీళ్లు కూడా గోరువెచ్చగా అయ్యాక కలపండి. అప్పుడే దంచిన మూడు యాలకుల పొడి కూడా వేయండి. దంచి డబ్బాలో దాచిన పొడికి ఆ ఘుమఘుమ ఉండదు.

ఇంతవరకూ పూర్ణమే అయింది. పెనం మీద ఎర్రగా కాలిన పైపొర లేకపోతే బొబ్బట్టెలా అవుతుంది? రాత్రి మిగిలిన చపాతీని చిన్న ముక్కలుగా తుంచి, చెంచా నెయ్యిలో కరకరలాడేదాకా వేయించండి. గిన్నెల్లోకి వడ్డించాక, తినే ముందు పైన చల్లండి. ముందే చల్లితే మెత్తబడిపోతాయి.

మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టండి, మర్నాటికి గడ్డకడుతుంది. కాసిని వేడినీళ్లు పోసి, సన్న సెగ మీద మరగనివ్వకుండా వెచ్చబెడితే మళ్లీ జారుగా అవుతుంది.