డేవిడ్ మామెట్ నాటకాన్ని సాధన చేయడం ఎలా?

అనంతపురంలోని యువ నాటక బృందాలు అమెరికన్ నాటకకర్త, చిత్ర దర్శకుడు డేవిడ్ మామెట్‌ను అధ్యయనం చేయదలిస్తే, ఆయనకు 1984లో పులిట్జర్ బహుమతి తెచ్చిన ‘గ్లెన్‌గ్యారీ గ్లెన్ రాస్’తో మొదలుపెట్టడం మేలు. షికాగోలో 1947లో పుట్టిన మామెట్ యౌవనంలో ఒక స్థిరాస్తి కార్యాలయంలో పనిచేశారు. ఈ నాటకంలోని భూముల అమ్మకందారులకు ఆ అనుభవమే మూలం.

ముందుగా ఇద్దరిద్దరు కూర్చొని బిగ్గరగా చదవండి. పాత్రలు ఒకరి మాటను మరొకరు మధ్యలోనే తుంచేస్తుంటాయి కనుక, ఎవరు ఎవరిని ఎక్కడ అడ్డుకున్నారో పెన్సిలుతో గుర్తించుకొని, ఆ తెగిన వాక్యాల లయ నోటికి పట్టేవరకు సాధన చేయాలి. పద్యనాటకాల రాగాలాపనకు అలవాటుపడిన గొంతులకు అన్నిటికన్నా కష్టమైనది ఇదే. ఎదుటివాడి నుంచి తన పాత్రకు ఏం కావాలో ప్రతి నటుడూ దృశ్యానికి ఒక వాక్యం చొప్పున రాసుకుంటే, ఆవేశాన్ని అరువు తెచ్చుకోనక్కరలేదు.

తర్వాత ఈ నాటకం ఆధారంగా తీసిన 1992 నాటి చిత్రం చూడండి. దర్శకుడు జేమ్స్ ఫోలీ అయినా స్క్రీన్‌ప్లే మామెట్‌దే. అలెక్ బాల్డ్‌విన్ పోషించిన పాత్ర మూల నాటకంలో లేదు. మామెట్ దర్శకత్వం కోసం ఆయన తొలి చిత్రం ‘హౌస్ ఆఫ్ గేమ్స్’ (1987) చూడాలి.

సంభాషణల్లో బూతులు విస్తారం. వాటిని సీమ యాసలోకి మార్చి సాధన చేయవచ్చు గానీ, బహిరంగ ప్రదర్శనకు హక్కుదారుల అనుమతి తప్పనిసరి.