బిళ్ళ గన్నేరు గుబురుగా రావాలంటే

మా బిళ్ళ గన్నేరు కాడలు పొడుగ్గా సాగిపోయి, కిందంతా బోడిగా, చివర్లో రెండంటే రెండు పూలు, చూస్తేనే విసుగొచ్చేది. మొన్నామధ్య కత్తెర తీసుకుని ప్రతి కొమ్మనీ మూడో వంతు, ఆకుల జంటకి కాస్త పైన కట్ చేసేశా, రెండు వారాల్లో ఆ ఆకుల సందుల్లోంచి చిన్న చిన్న చిగుళ్ళు రెండేసి వచ్చాయి, ఇప్పుడు బాగా గుబురైంది. తీసేసిన ముక్కలు పారేయకండి, 4 అంగుళాలవి ఏరి, కింది ఆకులు తుంచి, తడి ఇసుకలో గుచ్చి నీడన పెడితే 3, 4 వారాల్లో వేళ్ళొస్తాయి, కొత్త మొక్కలు కొనక్కర్లేదు. కుండీకి మాత్రం రోజుకి 6 గంటలైనా ఎండ తగలాలి. మట్టి చిత్తడిగా ఉన్నప్పుడు మాత్రం కత్తెర పెట్టొద్దు, కాడ నల్లబడి కుళ్ళిపోతుంది, నాకొకటి అలాగే పోయింది.