మేజర్ స్కేల్స్ సాధన, 3వ పాఠం: స్కేలును సగానికి విరిచి చూడటం

పోయిన పాఠంలో కీబోర్డు మీద సి మేజర్ స్కేలును, అంటే సి నుంచి పై సి దాకా వెళ్లే స్వరాల వరుసను, 2-2-1-2-2-2-1 అనే కొలతతో కట్టాం. 1 అంటే సెమీటోన్, పక్కనే ఉన్న మెట్టుకు (తెల్లదైనా నల్లదైనా) ఉండే దూరం. 2 అంటే టోన్, రెండు సెమీటోన్లు. ఈపాటికి ఆ వరుస వేళ్లకు పట్టుబడే ఉంటుంది. ఇవాళ దాన్నే మధ్యకు విరుద్దాం.

సి, డి, ఇ, ఎఫ్ ఒక గుంపు. జి, ఎ, బి, పై సి ఇంకో గుంపు. ఒక్కో గుంపులో దూరాలు లెక్కపెట్టండి: ఇక్కడా 2-2-1, అక్కడా 2-2-1. రెండు గుంపుల మధ్య ఒక టోన్ ఎడం. ఈ నాలుగు స్వరాల గుంపును టెట్రాకార్డ్ అంటారు. పన్నెండు స్వరాల్లో దేనిమీద మేజర్ స్కేలు కట్టాలన్నా ఇదే తాళంచెవి.

ఎలాగంటే, సి మేజర్ పై సగాన్ని తీసుకుని కింది సగంగా పెట్టండి: జి, ఎ, బి, సి. ఒక టోన్ ఎడమిచ్చి మళ్లీ 2-2-1 కట్టండి: డి, ఇ, ఎఫ్ షార్ప్ (ఎఫ్ కన్నా ఒక సెమీటోన్ పైది), జి. జి మేజర్ తయారైంది. ఇ తర్వాత టోన్ దూరం కావాలి, మామూలు ఎఫ్ సెమీటోన్ దూరంలోనే ఉంది, అందుకే షార్ప్. ఇప్పుడు దీని పై సగం మీద కట్టండి: డి, ఇ, ఎఫ్ షార్ప్, జి, ఆపైన ఎ, బి, సి షార్ప్, డి. ప్రతిసారీ ఒక్క షార్పే కొత్తగా చేరుతుంది, అదీ ఏడో స్వరం మీదే. ఎ, ఇ, బి, ఎఫ్ షార్ప్ ఇలాగే వస్తాయి.

వెనక్కి నడిస్తే ఫ్లాట్లు, అంటే ఒక సెమీటోన్ కిందికి దించిన స్వరాలు. సి మేజర్ కింది సగాన్ని పై సగం చేస్తే ఎఫ్ మేజర్: ఎఫ్, జి, ఎ, బి ఫ్లాట్, సి, డి, ఇ, ఎఫ్. మెట్టు ఒకటే అయినా బి ఫ్లాట్‌ను ఎ షార్ప్ అని రాయకూడదు. స్కేల్లో ప్రతి అక్షరం ఒక్కసారే రావాలి.

మెట్రోనోమ్ (లయ దెబ్బలు కొట్టే పరికరం) నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి, ఒక్కో దెబ్బకు ఒక్కో స్వరం, పేరు పైకి పలుకుతూ ఈ గుంపులను గొలుసుగా వాయించండి. చెయ్యి అందనప్పుడు ఒక స్థాయి (ఆక్టేవ్) కిందికి దిగండి. వేగం తర్వాత అదే వస్తుంది, ముందు పేరు తడబడకూడదు.

ఇక మనోధర్మం, అంటే అప్పటికప్పుడు అల్లి వాయించడం. ఎడమ చేత్తో సి, ఇ, జి కార్డ్ (మూడు స్వరాలూ ఒకేసారి మోగేలా) పట్టుకుని, కుడిచేత్తో ఒక్కో స్వరాన్ని నాలుగు లెక్కల సేపు నిలపండి. సి, ఇ, జి హాయిగా కూర్చుంటాయి. ఎఫ్ మాత్రం పక్కనున్న ఇ తో ఒరుసుకుంటుంది, అక్కడికే దిగాలనిపిస్తుంది. బి పై సి వైపు లాగుతుంది. ఈ లాగుళ్లు చెవికి తెలియకుండా స్కేల్ ఎంత వేగంగా వాయించినా అది కసరత్తుగానే వినిపిస్తుంది. (శంకరాభరణం రాగంలో ఉన్నవీ ఈ స్వరాలే. దాని ప్రాణం గమకాల్లో, అంటే స్వరాన్ని ఊపి పలికించడంలో ఉంది. ఇక్కడ మాత్రం గమకం లేకుండా వాయించండి.)

ఇప్పుడు కింది సగంలోని నాలుగు స్వరాలతోనే ఆడండి. రెండు బార్లు (ఒక్కో బార్ అంటే నాలుగు లెక్కలు) వాయించి డి మీద ఆపండి, అడిగినట్టుంటుంది. తర్వాతి రెండు బార్లు ఇ మీదో సి మీదో ముగించండి, జవాబు చెప్పినట్టుంటుంది. మధ్యలో ఖాళీ వదలడానికి భయపడొద్దు. ఏడు స్వరాలూ వాడేయాలన్న తొందర కన్నా ఈ నాలుగింటి ఇరుకే మంచి పదబంధాలు పుట్టిస్తుంది.

ఈ వారం సి, జి, ఎఫ్, డి చాలు. డి మేజర్‌కు వచ్చినప్పుడు డి, ఎఫ్ షార్ప్, ఎ కార్డ్ పట్టుకుని జి మీద ఆగి వినండి. అది ఎఫ్ షార్ప్‌కు దిగమంటోందని చెవికి తెలిశాకే ఎ మేజర్ మొదలుపెట్టండి.