ఇల్లు ఖాళీగా ఉన్నా కౌన్సిల్ ట్యాక్స్ ఆగదు

ఇంగ్లండ్‌లో ఇల్లు కొని అద్దెకిచ్చిన మనవాళ్ల కోసం ఈ చిట్కా. అద్దెకున్నవాళ్లు ఉన్నన్నాళ్లూ మామూలుగా కౌన్సిల్ ట్యాక్స్ (అక్కడి స్థానిక సంస్థ, అంటే కౌన్సిల్, వసూలు చేసే ఇంటి పన్ను) వాళ్లదే. అగ్రిమెంట్ ముగిసి వాళ్లు వెళ్లిపోయాక, కొత్తవాళ్లు వచ్చేదాకా బిల్లు ఓనర్ పేరు మీదికే వస్తుంది. మధ్యలో రెండు వారాలే కదా అనుకోకండి, రోజుల లెక్కన వేస్తారు.

ఖాళీ ఇంటికి డిస్కౌంట్ ఉంటుందని చాలామంది ధీమాగా ఉంటారు. అది పాత మాట. 2013 ఏప్రిల్ నుంచి ఆ డిస్కౌంట్ ఎంతివ్వాలో, అసలు ఇవ్వాలో లేదో ఏ కౌన్సిల్‌కా కౌన్సిలే నిర్ణయించుకుంటోంది. పక్క ఊళ్లో ఉన్న ఫ్రెండ్ చెప్పింది నమ్మి కూర్చోకుండా మీ కౌన్సిల్ వెబ్‌సైట్ చూడండి. ఇచ్చేచోట కూడా ఎక్కువగా సామాను లేని ఇంటికే. సోఫా, మంచాలు అలాగే ఉంచేస్తే రాకపోవచ్చు.

ముఖ్యమైన పని ఒకటే: తాళాలు చేతికొచ్చిన రోజే కౌన్సిల్‌కు తేదీ తెలియజేయండి, కొత్తవాళ్లు దిగిన రోజు మళ్లీ తెలియజేయండి. చెకౌట్ రిపోర్టు (వాళ్లు ఖాళీ చేసేటప్పుడు ఇంటి పరిస్థితి రాసుకున్న కాగితం), అగ్రిమెంట్ కాపీ దాచుకోండి. తేదీల దగ్గర పేచీ వస్తే అవే ఆధారం.

రిపేర్ల పేరుతో నెలలు సాగదీస్తే మాత్రం కష్టం. సామాను లేకుండా ఏడాది ఖాళీగా ఉంటే, 2024 ఏప్రిల్ నుంచి కౌన్సిళ్లు ట్యాక్స్‌ను రెట్టింపు దాకా పెంచొచ్చు. అన్నట్టు, ఖాళీ రోజులకు మీరు కట్టింది అద్దె ఆదాయం లెక్కల్లో ఖర్చుగా చూపించుకోవచ్చు, రసీదు పారేయకండి.