వాననీటి తోటకు గుంత తవ్వే ముందు

వాననీటి తోట అంటే డాబా మీది వాననీరు చేరి నేలలోకి ఇంకేలా మొక్కలు నాటిన లోతు తక్కువ గుంత. తవ్వే పని మే నెలలోనే ముగించండి. తడి నేలను తవ్వితే బంకమట్టి పార కింద అలికినట్టు నున్నగా అయిపోతుంది, ఆపైన నీరు దిగదు.

అన్నిటికంటే ముఖ్యం ఇంకుడు పరీక్ష. అడుగు లోతు గుంతలో నీళ్లు నింపి, ఇంకాక మళ్లీ నింపండి. రెండోసారి గంటకు కనీసం అర అంగుళం దిగాలి. దిగకపోతే చోటు మార్చండి. హైదరాబాద్‌లో చాలాచోట్ల కొద్ది అడుగులకే రాయి తగులుతుంది. నల్లరేగడైతే తడవగానే ఉబ్బి బిగుసుకుంటుంది. పరీక్ష మానేస్తే తోట కాస్తా దోమల గుంట అవుతుంది. నీరు 48 గంటలు దాటి నిలవకూడదు.

- పునాదికి 10 అడుగులు దూరం. సెప్టిక్ ట్యాంకు, కేబుళ్లు, పైపుల దగ్గర వద్దు.
- 1,000 చదరపు అడుగుల డాబాపై 25 మిల్లీమీటర్ల వానకు దాదాపు 2,300 లీటర్లు వస్తాయి. మట్టి నింపాక పైన 6 అంగుళాల లోతు మిగిలితే 150 చదరపు అడుగులు చాలు, మిగతాది వాన పడుతుండగానే ఇంకుతుంది.
- అడుగుభాగం రసమట్టంతో చూసి చదును చేయండి. వాలుంటే నీరంతా ఒక మూలకే చేరుతుంది.
- పొర్లు నీటికి దారి ముందే తేల్చుకోండి, పక్కింటి గోడవైపు మాత్రం వద్దు.
- స్నానాల గది నీళ్లు కలపకండి.

నింపే మట్టిలో సగం ముతక ఇసుక, మిగతా సగం ఎర్రమట్టి, బాగా మాగిన ఎరువు. నింపాక తొక్కకండి, అణిగితే ఇంకదు. డాబా నుంచి దిగే గొట్టం నీళ్లు పడేచోట గులకరాళ్లు పరవండి. వట్టివేరు, మెట్టతామర వేయవచ్చు.